టార్చి పట్టిన చెయ్యి

ప్రోబు మొనను మూడో ట్రాన్సిస్టర్ కాలికి ఆనించి శివప్రకాశం ఊపిరి బిగబట్టాడు. ఆసిలోస్కోపు గుండ్రటి తెర మీద ఆకుపచ్చ అల నున్నగా, నిలకడగా పాకుతోంది. ఎక్కడా వంకర లేదు. పదో నిమిషం దాటాక గోడకు ఆనించిన స్పీకరు గుర్రుమని ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. తెర మీద అల పడిపోయి చదునైన గీత మిగిలింది. ప్రోబును ఇంకో కాలికి మార్చి చూశాడు. గీతే. ఇక చల్లారేదాకా ఆంప్లిఫయర్ పలకదు.

మూడు వారాలుగా ఇదే వరస. ఆంప్లిఫయర్ ఏసుది. తిరుత్తణి చుట్టుపక్కల పెళ్లిళ్లకూ చర్చి కూటాలకూ మైక్ సెట్ అద్దెకిచ్చే మనిషి. దాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెడుతూ "అక్క ఉండాదా అన్నా?" అని అడిగాడు. ఆ మాట శివప్రకాశానికి ఇప్పటికీ మింగుడుపడలేదు. బల్ల అతనిది. స్కోపు అతనిది, మద్రాసు రిచీ వీధిలో పాతది కొని, రైల్లో చంటిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. గోడకు వరసగా వేలాడుతున్న మీటర్లు, కెపాసిటర్లను పరీక్షించే పెట్టె, సొంతంగా చేసుకున్న సీరీస్ బల్బు బోర్డు, అన్నీ అతనివే. ఏసు అడిగింది మాత్రం అతని భార్య కోకిలను.

"మామా," వంటింట్లోంచి కోకిల పిలిచింది. "వేడెక్కినాక కదా ఆగిపోతాది? ఒక్కొక్క పార్టునే చల్లబరిచి చూస్తే?"

"నాకు తెలుసులేమే."

తెలిసిన సంగతే. మూడు వారాల్లో ఒక్కసారి కూడా తట్టలేదు, అంతే. ఇప్పుడు తట్టినా, ఆమె నోటి నుంచి వచ్చాక చెయ్యబుద్ధి కాలేదు. స్విచ్ ఆపేసి చొక్కా తొడుక్కున్నాడు. యాభై ఒకటో ఏట పడ్డ పొట్టి మనిషి. ఎడమచేతి వేళ్ల మీద సోల్డరు చుక్కలు కాల్చిన మచ్చలు, చెవుల పక్క నెరిసిన వెంట్రుకలు. కోకిల టిఫిన్ డబ్బా అందించి వాకిట్లో నిలబడింది. ఏదో అడగబోయినట్టుంది. అడగలేదు. అతను చొక్కా జేబులో ఫోనును ఒకసారి తడుముకుని, తిరుత్తణి స్టేషన్ వైపు గబగబా నడిచాడు.

ఆ ఫోనుకు మంగళవారం ఒక పిలుపు వచ్చింది. పిలిచిన మనిషి పేరు మురళి. గుమ్మిడిపూండిలో ఇన్వర్టర్లు చేసే చిన్న కంపెనీలో రిపేరు విభాగం సూపర్‌వైజరు, ఏసుకు దూరపు చుట్టం. పోయిన నెల ఏసు ఇంట్లో జరిగిన విందులో మైకు మూగబోతే, కోకిల చీర కొంగు దోపుకుని పది నిమిషాల్లో బాగుచేయడం చూశాడు. నంబరు అడిగాడు. ఆమె అలవాటుకొద్దీ భర్త నంబరు చెప్పింది.

"మా రిపేరు బెంచిలో అక్కకు పని ఉండాది సార్. లేడీస్ హాస్టల్ మేమే చూస్తాం. శుక్రవారం సాయంకాలం లోపల చెప్పాల," అన్నాడు మురళి. "అడిగి చెప్తా," అన్నాడు శివప్రకాశం. అడగలేదు. ఆ తరువాత మురళి నుంచి వచ్చిన రెండు పిలుపులకు ఫోను ఎత్తలేదు. ఇవాళ శుక్రవారం.

అరక్కోణంలో బండి సగం నిండింది. అతనికి రోజూ దొరికే కిటికీ పక్క సీటే దొరికింది. పొలాల మీద ఎండ పడుతుంటే కళ్లు మూసుకున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఊళ్లో కరెంటు ఎక్కువగా పోయేది. కోకిల పక్కన నిలబడి టార్చి పట్టుకునేది. "కొంచెం పైకి. ఇటు. కదపగాకు," అంటూ ఉండేవాడు అతను. కూతురు జనని కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె అట్లాగే ఒక కాలి మీద బరువు మార్చుకుంటూ పట్టుకుంది. ఒకసారి, అతను రెండు గంటలుగా వెతుకుతున్న రేడియో బోర్డు మీదకు వెలుగు తిప్పి, "మామా, ఈ కాలు అతుక్కోలే," అంది. సోల్డరు చుట్టూ వెంట్రుకంత పగులు. అతను చూడలేదు. ఆ రోజు ఎంత మురిసిపోయాడు! వీధంతా తిరిగి చెప్పాడు. సోల్డరింగ్ నేర్పాడు, మీటరు చదవడం నేర్పాడు. ఆరేడేళ్లు గడిచేసరికి వీధి జనం గేటు దగ్గర ఆగి "అక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి అతను ఆమెకు ఏమీ నేర్పలేదు. జనని వేలూరు నర్సింగ్ హాస్టలుకు వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగిలారు, బల్లకు చెరో పక్క.

కడంబత్తూరు, తిరువళ్లూరు దాటాయి. ఆవడిలో దిగాడు.

ఫ్యాక్టరీలో అతను స్టోర్స్ అటెండెంటు. ఇరవై ఆరేళ్లుగా ఒకే కిటికీ. కిటికీకి ఇవతల అరల నిండా మీటర్లు, స్కోపులు. అవతల చేతులు చాచే టెక్నీషియన్లు. డిప్లొమాలో ఒక్క పేపరు పోవడంతో హెల్పరుగా చేరాడు. పరికరాలను సరిచూసే ల్యాబుకు మూడుసార్లు పరీక్ష రాశాడు. మూడుసార్లూ ఇంకొకరిని తీసుకున్నారు. ఏ మీటరుకు ఏ నాబ్ వదులో, దేని తీగ లోపల తెగిందో అతనికి చూడకుండా తెలుసు. వాటితో పని చేసే వాళ్లలో సగం మందికి తెలియదు. పొద్దున ఇచ్చిన మీటర్లు సాయంత్రం తిరిగి తీసుకుంటాడు. మధ్యలో అవి ఏం చూశాయో అతనికి ఎవరూ చెప్పరు.

ఆ రోజంతా కిటికీ ముందు నిలబడ్డ ప్రతి మొహంలో కోకిల కనిపించింది. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న కోకిల. సంతకం పెట్టి స్కోపు తీసుకుని, తిరిగి చూడకుండా ల్యాబు వైపు నడిచే కోకిల. మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగం మిగిలిపోయింది.

నాలుగు నలభైకి అరల వెనక్కి వెళ్లి మురళికి ఫోన్ చేశాడు.

"మా ఇంటామెకు కుదరదండి. ఒంట్లో బాగుండడంలే. వద్దన్నాది."

"సార్," అన్నాడు మురళి మెల్లగా, "మీరు ఎత్తలేదని ఏసన్న దగ్గర అక్క నంబరు తీసుకుంటిని. అక్క బుధవారమే వస్తానని చెప్పేసినారే. ఆదివారం హాస్టలుకు వస్తా ఉండారు."

"ఓ... అట్లనా," అన్నాడు శివప్రకాశం. ఫోను పెట్టేశాడు.

తిరుగు బండిలో ముందు వచ్చింది కోపం. తనకు ఒక్క మాట చెప్పకుండా మూడు రోజులు వంట వండింది, వడ్డించింది! తిరువళ్లూరులో జనం దిగి గాలి ఆడాకే, చెప్పకుండా ఉన్నది ఎవరో అతనికి తోచింది. కడంబత్తూరు వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. ఆ పైన కిటికీలోంచి బయటికి కూడా చూడలేకపోయాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. బల్ల మీద ఆంప్లిఫయర్ లేదు. అది ఉన్న చోట దుమ్ములో చదరం మిగిలింది.

"ఏసన్న వచ్చి ఎత్తుకోని పొయినాడు," అంది కోకిల, కంచం పెడుతూ. "రేపు ఏదో ఫంక్షనంట. ఆత్రపడినాడు."

అతను తలూపాడు. రెండు ముద్దలు తిన్నాడు.

"మురళన్న ఫోన్ చేసినాడు మామా."

అతను తలెత్తకుండా ఇంకో ముద్ద కలిపాడు.

"బుధవారం నుంచి చూస్తా ఉండా, నువ్వే చెప్తావని. పొద్దున గూడా చూసినా."

"మర్చిపొయినా."

"నువ్వు దేన్నీ మర్చిపోవు మామా."

గొంతు పెంచలేదు ఆమె. మజ్జిగ పోసింది. ఉప్పు అందించింది. అతను అరుస్తాడేమోనని కాసేపు ఎదురుచూసినట్టు ఎదురుగా కూర్చుంది. నలభై నాలుగేళ్ల మొహం, కళ్లద్దాల వెనుక అలసిన కళ్లు. ఎప్పుడూ పక్క నుంచి చూసే ఆ మొహాన్ని అతను చాలా రోజులకు ఎదురుగా చూశాడు.

"ఏముండె దాంట్లో?" అని అడిగాడు చివరికి.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను అట్లా అడిగి పదేళ్లపైనే అయింది.

"ఆగిపొయినాక, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పార్టుకే అద్దినా. చిన్న డయోడు ఒకటి, హీట్‌సింక్ పక్కన. దానికి అద్దంగానే పలికింది. మార్చేసినా." మజ్జిగ గిన్నె పక్కకు జరిపింది. "నువ్వు చూసిన కాడికి ఆ పక్కదే మామా. ఒక్క అంగుళం."

ఆ అంగుళం అతన్ని ఓదార్చలేదు. ఇంకాస్త మండించింది. కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

"అక్కడ స్కోపు ఏముండాదంట?"

"నాలుగు చానెళ్లదంట. కలర్ తెర. నా బెంచికి ఒకటి ఇస్తారంట."

"నాలుగా!"

ఆ మాటలో ఉన్న అసూయ ఇద్దరికీ వినపడింది. కోకిల నవ్వబోయి ఆగింది. అతను లేచి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు. స్కోపు స్విచ్ వెయ్యలేదు. ఊరికే కూర్చున్నాడు.

"నేను నీ ఎదుట ఈ రిపేర్లు చెయ్యకుండా ఉండుంటే బాగుండేనా?" వెనక నుంచి అడిగింది ఆమె.

బాగుండేది. నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగి, "ఆదివారం బ్యాగు నేను తెస్తా," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం స్టేషనులో పెద్దగా జనం లేరు. అతను బ్యాగు పై అరలో పెట్టి దిగాడు. "సెంట్రల్‌లో దిగి గుమ్మిడిపూండి బండి అడిగి ఎక్కు," అన్నాడు. "తెలుసులే మామా," అంది ఆమె. నొప్పించాలని అనలేదు. చపాతీ పిండి ఎక్కడ ఉందో చెప్పింది, గ్యాసు రాత్రి కట్టేయమంది. బండి కదిలినప్పుడు కిటికీ ఊచల మీద ఉన్న ఆమె వేళ్లను అతను ముట్టుకోబోయాడు. అప్పటికే అవి దాటిపోయాయి.

ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక, చాలాకాలంగా బాగుచేయకుండా పడున్న పాత గడియారం రేడియోను కిందికి దించాడు. తీగ కోసం బల్ల సొరుగు లాగాడు. ఆమె వైపు సొరుగు అది. అతను ఎప్పుడూ తెరవలేదు. లోపల అంతా ఖాళీ చేసి తుడిచి ఉంది, ఒక్క వస్తువు తప్ప. కుట్టుమిషను సూదిని సన్నటి తీగకు అతికించి, ఖాళీ పెన్ను గొట్టంలో దూర్చి చేసిన ప్రోబు. మరిచిపోయిందో, అతనికని ఉంచిందో తెలియలేదు. పట్టుకుని చూశాడు. గొట్టం మీద, అతని బొటనవేలు పట్టనంత చిన్న చోట, ప్లాస్టిక్ ఏళ్ల తరబడి అరిగి నున్నటి గుంట పడి ఉంది.