అడిగింది అతని మోకాలి గురించి

మా ఇంట్లో పొద్దున లేవగానే మొదటి పని ఐస్. కాఫీ తర్వాత, పిల్ల టిఫిన్ డబ్బా ఆ తర్వాత. గరాజ్‌లోని పెద్ద ఫ్రీజర్‌లోంచి ఐస్ సంచులు తీసి, నేలకేసి కొట్టి గడ్డలు విడగొట్టి, మేడ మీదికి మోసుకెళ్ళి బాత్‌టబ్‌లో పోసి, చన్నీళ్ళు వదిలి, అప్పుడు మా ఆయన వెండెల్‌ని లేపాలి. అతను నడుము దాకా అందులో మునిగి పళ్ళు బిగబట్టి కూర్చుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తుంటాను. నలుగురూ ఉన్నప్పుడు "మా ఆవిడే నా ట్రైనర్, జీతం అడగని ట్రైనర్" అని నన్ను చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఎందుకంటే నవ్వకపోతే "ఏంటి జో, మూడ్ బాలేదా" అని ఇంకో అరగంట దాని మీద గడుస్తుంది.

ఆ గురువారం కూడా ఐస్‌తోనే మొదలైంది. సాయంత్రం డ్రాఫ్ట్. దేశంలో ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ టీములన్నీ వంతుల వారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే రోజు. మా టీముది తొమ్మిదో వంతు. నెల రోజులుగా ఈ సరస్సు ఒడ్డు ఊళ్ళో మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, స్కూలు గేటు దగ్గర ఒకటే వాదన. డకారీ మాబ్రీని తీసుకోవాలా, వద్దా? మాబ్రీ ఆ ఏడాది కాలేజీల్లోకెల్లా గొప్ప రిసీవర్. గాల్లో ఎక్కడికి విసిరినా పరుగెత్తి బంతి పట్టేస్తాడు. వద్దనేవాళ్ళు, ముందు వరసకి ఒక బలమైన లైన్‌మన్ కావాలి, బంతి విసిరేవాణ్ణి కాపాడేవాడు లేకపోతే పట్టేవాడు ఎందుకు అంటారు. రెండూ సబబుగానే ఉంటాయి. మా ఇంట్లో మాత్రం ఆ వాదనకి ఒకటే అర్థం. వెండెల్ కూడా రిసీవరే. ముప్పై మూడేళ్ళు. మాబ్రీ వస్తే వెండెల్‌కి చోటు లేదు.

రేడియోలో ఒకాయన "మాబ్రీ వస్తే ముసలాయన ఇంటికే" అన్నాడట. స్కూలు బస్సులో విని వచ్చి, మా కేమిల్ "ముసలాయన అంటే డాడీయేనా?" అని అడిగింది. దానికి ఎనిమిదేళ్ళు. కాదన్నాను. అబద్ధాలు చెప్పడం నాకు అలవాటైన పనే, అది కూడా జీతం లేనిదే.

వెండెల్‌ని ఇప్పటికి నాలుగుసార్లు టీము మార్చారు. ప్రతిసారీ ఫోన్ వస్తుంది, అతను "సరే సార్" అంటాడు, రెండ్రోజుల్లో విమానం ఎక్కేస్తాడు. మిగిలిన ఇల్లు నాది. గిన్నెలు కాగితాల్లో చుట్టడం, పిల్లని కొత్త స్కూల్లో వెయ్యడం, దాని ఏడుపు, కొత్త దంతవైద్యుడు, కొత్త చర్చి. నేను మాటలు తడబడే పిల్లలకి మాట నేర్పే పని చదువుకున్నాను. రాష్ట్రం మారిన ప్రతిసారీ ఆ పనికి కొత్తగా అనుమతి తెచ్చుకోవాలి. అది చేతికొచ్చేలోపు మళ్ళీ ఫోన్. ఒకసారి పనిలో చేరిన మూడో వారమే వదిలేసి రావాల్సి వచ్చింది. నా దగ్గరికొచ్చే ఒక పిల్లాడు అప్పుడప్పుడే "నీళ్ళు" అనడం మొదలుపెట్టాడు. నేను ఏడుస్తుంటే మా అత్తగారు ఎర్నెస్టీన్, "మొగుడెక్కడుంటే అదే ఇల్లమ్మాయ్, ఉద్యోగాలదేముంది, మళ్ళీ వస్తాయి" అంది. మిసిసిపీలో పక్కవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి కొడుకుని పెంచిన మనిషి. ఆమె ముందు అలసిపోయానని చెప్పే హక్కు కూడా నాకు లేనట్టు ఉండేది.

పది గంటలకి ఫోన్ మోగింది. వంటింట్లో నేనూ అత్తగారూ సాయంత్రం పార్టీకి క్యాట్‌ఫిష్ శుభ్రం చేస్తున్నాం. ముప్పై మంది వస్తున్నారు. వెండెల్ పిలిచాడు, వండేది మేము. చేతులు తుడుచుకుని చూస్తే కోచ్ హాగర్టీ. రిసీవర్లందరికీ ఆయనే కోచ్. మంచివాడు. కేమిల్ పుట్టినరోజు ఆయనకి గుర్తుంటుంది, దాని తండ్రికి గుర్తున్నా లేకపోయినా.

"జోనెల్, పక్కన ఎవరూ లేకుండా మాట్లాడగలవా?" అన్నాడు. నేను వరండాలోకి వెళ్ళాను.

టీము పైవాళ్ళు సగం మాబ్రీ అంటున్నారట, సగం లైన్‌మన్ అంటున్నారట. చివరికి విషయం వెండెల్ దగ్గరికొచ్చి ఆగింది. అతను ఇంకో సీజన్ గట్టిగా ఆడగలిగితే లైన్‌మన్, లేకపోతే మాబ్రీ. "నన్నడిగారు. వెండెల్‌ని అడిగితే ఏమంటాడో నాకు తెలుసు, వీల్‌చెయిర్‌లో ఉన్నా బావున్నానే అంటాడు. డాక్టర్లు మోకాలు పర్లేదన్నారు. కానీ భార్యలకి తెలుస్తుంది. పన్నెండింటికి మీటింగ్. ఆలోచించుకుని చెప్పు. మన మధ్యే ఉంటుంది."

రెండేళ్ళ క్రితం కూడా ఇలాగే అడిగాడు. అప్పుడు ఆలోచించలేదు. "గుర్రంలా ఉన్నాడు కోచ్" అన్నాను. ఆటగాళ్ళ భార్యలందరం అదే అంటాం. ఎవరూ నేర్పరు, వచ్చేస్తుంది.

లోపలికొచ్చి మళ్ళీ చేపల ముందు నిలబడ్డాను. అత్తగారు ఎవరమ్మా అంటే పార్టీకి కోచ్ రాలేనన్నాడని చెప్పాను. మోకాలు నిజంగానే పర్లేదు. అది ఐస్‌కి లొంగింది. హాగర్టీ అడగని సంగతి ఒకటుంది, అది ఎవరూ అడగరు. పోయిన శీతాకాలం వెండెల్ కేమిల్‌ని తేవడానికి స్కూలుకెళ్ళి, కారులోనే కూర్చుని నాకు ఫోన్ చేశాడు. "గేటు ఎటువైపు?" అన్నాడు. రెండేళ్ళుగా ఎన్నోసార్లు వెళ్ళిన స్కూలు. గేటు ఎదురుగానే ఉంది. తర్వాత "ఆటపట్టించాను" అన్నాడు. చెంచాని "ఆ, అదే, కలిపేది" అంటాడు. ఒక మాట కోసం వెతికి, దొరక్క, ఆ కోపం కుర్చీ మీద చూపిస్తాడు. పిల్లల్లో ఆ తడబాటు చూసి దానికి పేరు పెట్టగలిగిన దాన్ని, నా మంచం మీద పడుకున్న మనిషిలో చూసి పేరు పెట్టకుండా ఊరుకున్నాను.

వేసవిలో ఆటగాళ్ళందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెడతారు. మాటలు చూపిస్తారు, బొమ్మలు చూపిస్తారు, గుర్తుపెట్టుకోమంటారు. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెట్టి, మార్కులు పడిపోతే ఆడనివ్వరు. అందుకని పాతకాపులు కొత్తవాళ్ళకి చెప్పే మొదటి పాఠం, వేసవి పరీక్షలో కావాలని తప్పులు చెయ్యమని. మొదటే తక్కువ తెచ్చుకుంటే తర్వాత పడిపోయేదేమీ ఉండదు. వెండెల్ ఏటా అలాగే చేసేవాడు, ఇంటికొచ్చి ఏమేం తప్పులు చేశాడో చెప్పి నవ్వించేవాడు. పోయిన వేసవి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఈసారి కష్టపడక్కర్లేకపోయింది జో. నిజంగానే రాలేదు" అన్నాడు. అని నవ్వాడు. నేను అతని ముఖం చూసి, నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, అతని మీదో నా మీదో తెలీదు.

పదకొండున్నర అయింది. మేడ మీద వెండెల్ ఎవరో విలేకరితో ఫోన్‌లో, "కుర్రాణ్ణి తెచ్చుకోనివ్వండి, నేను నేర్పుతాను, నా చోటు నాదే" అని గట్టిగా అంటున్నాడు. నాకు భయం వేసింది. చెబితే ఇతని బతుకుని ఇతని వెనకాల అమ్మేసినట్టు. పదేళ్ళ వయసు నుంచి అతనికి తెలిసిన పని ఇదొక్కటే. చెప్పకపోతే ఇంకో ఏడాది, తలకి ఇంకో రెండొందల దెబ్బలు. అంతా అతని కోసమే ఆలోచిస్తున్నానని చెప్పుకోవడానికి ప్రయత్నించాను, కుదర్లేదు. నాకోసం కూడా ఆలోచిస్తున్నాను. నాకు ఈ ఇల్లు కావాలి. పెరట్లో నాటిన మొక్క పూసేదాకా ఒక ఊళ్ళో ఉండాలని ఉంది. పనికి వెళ్ళాలని ఉంది. ఇన్నేళ్ళలో టీము ఆఫీసులోని పెద్దమనుషులు నన్నేదైనా అడిగారంటే ఈ ఒక్క మాటే, అడిగింది కూడా అతని మోకాలి గురించి.

ఇంకోటి కూడా ఉంది. మాబ్రీని తీసుకోండి అంటే, ఈ ఐస్ పనిని ఇంకో అమ్మాయికి అప్పజెప్పడమే. పొద్దున టీవీలో చూపించారు ఆ అమ్మాయిని, మాబ్రీ పక్కన ఆకుపచ్చ గౌనులో, అతని ఫోన్ పట్టుకుని. అతను మాట్లాడుతుంటే అతని కాలరు సరిచేస్తోంది. నేనూ అలాగే సరిచేసేదాన్ని. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు. మేము తీసుకోకపోతే పదో వంతు వాళ్ళు తీసుకుంటారు, అదొక సమాధానం, కానీ మంచి సమాధానం కాదు.

బట్టలారబెట్టే మెషీన్ ఆన్ చేసి, ఆ చప్పుడులో హాగర్టీకి ఫోన్ చేశాను.

"ఇంకో సీజన్ లేదు కోచ్," అన్నాను. "ఆ అబ్బాయిని తీసుకోండి."

"మోకాలా?"

"మోకాలు కాదు."

ముప్పై ఏళ్ళుగా ఆ ఆటలో ఉన్న మనిషి, ఇంకేం అడగలేదు. "థాంక్స్ అమ్మా" అని పెట్టేశాడు. నేను మెషీన్ ఆపి, మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళాను.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. తొమ్మిదో వంతు వచ్చేసరికి నేను మకరోనీ ట్రే చేత్తో పట్టుకుని హాల్లో ఉన్నాను. టీవీలో డకారీ మాబ్రీ అనగానే ముప్పై మందీ ఒక్కసారి వెండెల్ వైపు చూశారు. వెండెల్ లేచి చప్పట్లు కొట్టాడు. "మంచి కుర్రాడు, మంచి పని చేశారు" అని అందరి భుజాలూ తట్టాడు. అతను అలా అందరినీ ఓదారుస్తుంటే చూడలేక నేను వంటింట్లోకి పోయాను. జనం తొందరగానే వెళ్ళిపోయారు. నేను గిన్నెలు తోముతుంటే వెండెల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"హాగర్టీ నిన్నటిదాకా లైన్‌మనే అన్నాడు. నా గురించి ఎవరో పైన ఏదో చెప్పారు. నీకెవరి మీదైనా అనుమానమా?"

కుళాయి కట్టేశాను. "నేనే చెప్పాను వెండెల్. పొద్దున ఫోన్ చేసి అడిగారు, ఇంకో సీజన్ లేదన్నాను."

కొట్టే మనిషి కాదు, ఎప్పుడూ కొట్టలేదు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. "నన్నడక్కుండానా?" అన్నాడు. ఊళ్ళు మారినప్పుడు నన్నెవరడిగారు అందామనుకున్నాను, అనలేదు. స్కూలు గేటు సంగతి చెప్పాను, వేసవి పరీక్ష సంగతి చెప్పాను. చివరిదాకా విన్నాడు. "నాకు ఇంకో పని రాదు జో" అని మెల్లిగా అని మేడ మీదికి వెళ్ళిపోయాడు. భోజనాల బల్ల దగ్గర ప్లేట్లు తీస్తున్న అత్తగారు అంతా విన్నది. తలుపు దగ్గరికొచ్చి, "వాడికి కోపం తగ్గాక చూద్దాంలే" అంది. ఆమె కళ్ళు నన్ను చూడలేదు. నేను రాత్రంతా ఏం జరుగుతుందోనని, వెళ్ళిపోతాడేమోనని, వెళ్ళిపొమ్మంటాడేమోనని, చెవులు రిక్కించుకుని పడుకున్నాను.

పొద్దున వెండెల్ కిందికి దిగాడు. కేమిల్ అప్పటికే బస్సెక్కేసింది. కాఫీ పోసుకుని నా ఎదురుగా కూర్చుని, కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు.

"హాగర్టీ మొన్నటిదాకా లైన్‌మనే అన్నాడు జో," అన్నాడు. "నా గురించి ఎవరో పైన ఏదో చెప్పారు. నీకెవరి మీదైనా అనుమానమా?"

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. అతను వెక్కిరించేటప్పుడు నాకు తెలుస్తుంది, ముందే నవ్వు వచ్చేస్తుంది అతనికి. నవ్వు లేదు. తనవైపు ఉన్న ఒకే ఒక్క మనిషిని అడిగినట్టు అడిగి, జవాబు కోసం చూస్తున్నాడు. అత్తగారు పొయ్యి కట్టేసింది. పెనం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. మొదటిసారి ఆమె నావైపు చూసింది, కొడుకు వైపు కాదు. ఆ చూపులో "తెలీదని చెప్పెయ్యి తల్లీ" అని ఉంది.

చెప్పెయ్యొచ్చు. తెలీదు అన్న ఒక్క మాట చాలు. రాత్రి వంటింట్లో నేనేం చెప్పనట్టే, అతనేం విననట్టే. మళ్ళీ మంచి భార్యనైపోతాను, తప్పంతా పైవాళ్ళదవుతుంది. అంత తేలిగ్గా నాకు ఇంతకుముందెప్పుడూ ఏదీ దొరకలేదు.

"నేనే చెప్పాను వెండెల్," అన్నాను, ఇప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు.