ఫోల్డర్ లేకుండా బ్రూజ్‌కి

రాఘవులు దగ్గర ఒక నీలం ఫోల్డర్ ఉంది. ఇరవై మూడేళ్ళ క్రితం అమెరికాలో దిగినప్పుడు అతనూ సన్నగా ఉండేవాడు, అదీ సన్నగా ఉండేది. ఇప్పుడు ఇద్దరికీ పొట్ట వచ్చింది. పాస్‌పోర్టులు, హెచ్-వన్ వీసా అప్రూవల్ కాగితాలు, పే స్లిప్పులు, పెళ్లి సర్టిఫికెట్, సర్టిఫికెట్ నమ్మనివాళ్ల కోసం పెళ్లి ఫోటోలు, అన్నీ అందులోనే. షికాగో వెళ్లినా సరే, పక్క ఊరి గుడికి వెళ్లినా సరే, అది కారు వెనక సీట్లో కూర్చుని రావలసిందే. దారిలో ఎవరైనా ఆపి అడిగితే? ఇన్నేళ్లలో ఎవరూ ఆపలేదు, ఎవరూ అడగలేదు. అయినా అడిగితే?

వాళ్లుండే ఆష్‌బర్న్ ఊళ్లో అతను చేసే ఉద్యోగమూ అలాంటిదే. డేటా సెంటర్‌లో కరెంటు పోతే జనరేటర్, జనరేటర్ పోతే ఇంకో జనరేటర్, అదీ పోతే ఏం చేయాలో రాసిపెట్టిన కాగితం. ఆ కాగితం రాసేది రాఘవులే. ఇంటికొచ్చినా ఆ బుద్ధిని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచేవాడు కాదు. కూతురు హాసిని ఏది అడిగినా ఒకటే జవాబు, "చూద్దాంలే". బీచ్‌కి వెళ్దామా నాన్నా? చూద్దాంలే. స్కూల్ బ్యాండ్ వాళ్లు కెనడా వెళ్తున్నారు, మనమూ వెనకాల వెళ్దామా? చూద్దాంలే. అతను కాదనే తండ్రి కాదు. కాదంటే పిల్ల ఏడ్చి, మర్చిపోయి ఇంకోటి అడిగేది. చూద్దాంలే అంటే పాపం ఎదురు చూసేది.

హాసినికి పదేళ్లప్పుడు ఒక చలికాలం తండ్రీకూతుళ్లు డైనింగ్ టేబుల్ మీద వెయ్యి ముక్కల బొమ్మ పేర్చారు. బెల్జియంలో బ్రూజ్ అనే పాత ఊరు. మధ్యలో కాలువ, రెండు పక్కలా ఇటుక ఇళ్లు, కాలువలో హంసలు. చివరికి చూస్తే ఒక ముక్క తక్కువ. రాఘవులు సీరియల్ డబ్బా అట్ట కత్తిరించి, రంగు వేసి, ఆ ఖాళీలో కూర్చోబెట్టాడు. ఆరోజు ఆ పిల్ల సంతోషం ఇంతా అంతా కాదు. "నాన్నా, మనం నిజంగా ఇక్కడికి వెళ్దామా?" అంది. ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

పన్నెండేళ్లు వరసలో నిలబడ్డాక, ఈ మార్చిలో గ్రీన్ కార్డు వచ్చింది. రాఘవులు భార్య పద్మజ ఇక ఒక్కరోజు ఆగలేదు. అక్క కూతురి పెళ్లికని టికెట్ కొనుక్కుని, మే నెల మొదట్లో హైదరాబాద్ వెళ్లి కూర్చుంది. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో అన్న బెంగ లేకుండా ఆమె విమానం ఎక్కడం అదే మొదటిసారి. రాఘవులు మాత్రం కార్డుని ఫోల్డర్‌లో పెట్టి, యథాప్రకారం ఆఫీసుకి పోయి వస్తున్నాడు.

మే నెల చివరి గురువారం మధ్యాహ్నం హాసిని వచ్చి, అతను ఇంటి నుంచి పని చేసుకునే బల్ల ముందు నిలబడింది. కాలేజీ అయిపోయింది. వచ్చే బుధవారం ఉద్యోగానికి సియాటిల్ వెళ్లిపోతోంది.

"నాన్నా, రేపు ఈవెనింగ్ ఫ్లైట్. బ్రూజ్. త్రీ డేస్. రెండు టికెట్లు కొనేశాను. కొత్త జాబ్ వాళ్లిచ్చిన సైనింగ్ బోనస్‌తో. నువ్వు ఏం చెక్ చేయొద్దు, ఏం ప్రింట్ చేయొద్దు. ఫోల్డర్ అస్సలు వద్దు. యెస్సా, నోనా చెప్పు. చూద్దాంలే అంటే నో అన్నట్టే."

రాఘవులు ఆ పిల్ల మొహం చూశాడు. నవ్వుతూనే ఉంది కానీ బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ఇది ఆఖరిసారి అడగడం అని అతనికి తెలిసిపోయింది. ఇప్పుడు కూడా నీళ్లు నమిలితే, ఇక సియాటిల్ నుంచి పండగలకీ పుట్టినరోజులకీ ఫోన్ వస్తుంది, బాగున్నావా అంటే బాగున్నాను అంటుంది, అంతే.

"సరే," అన్నాడు.

"వాట్?"

"సరే. వెళ్దాం."

హాసిని ఒక్క గెంతు గెంతి మెట్లెక్కి పోయింది. రాఘవులు లేచి వంటింట్లో టీ పెట్టుకున్నాడు. తన మాట తనకే కొత్తగా, బాగా అనిపించింది. పాలు పొంగే వేళకి అసలు సంగతి గుర్తొచ్చింది.

గ్రీన్ కార్డు ఈ దేశంలోకి తిరిగి రావడానికి పనికొస్తుంది కానీ యూరప్‌లో అడుగు పెట్టడానికి కాదు. హాసిని ఇక్కడే పుట్టింది. ఆమెది అమెరికా పాస్‌పోర్టు, బస్సెక్కినట్టు ఎక్కి వెళ్లిపోవచ్చు. అతనిది ఇండియా పాస్‌పోర్టు. దానికి వీసా కావాలి, వీసాకి అపాయింట్‌మెంట్ కావాలి, అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతుంది. ఈ సంగతి అతనికి తెలియక కాదు. ఆష్‌బర్న్‌లో సగంమందికి ఇలాంటి విషయాల్లో సలహా చెప్పేది అతనే. తెలిసి తెలిసి, ముందూ వెనకా చూడకుండా, జీవితంలో ఒక్కసారి సరే అన్నాడు. అది కాస్తా ఇలా తగలడింది.

చెప్పేద్దామని మెట్ల దాకా వెళ్లాడు. పైన గదిలో హాసిని ఫోన్‌లో స్నేహితురాలు అవనితో మాట్లాడుతోంది. "నో, ఐ స్వేర్, హి జస్ట్ సెడ్ యెస్! అవనీ, మా నాన్న ఒక్క క్వశ్చన్ కూడా అడగలేదు!" ఆ గొంతులో పదేళ్ల పిల్ల ఉంది. రాఘవులు మూడో మెట్టు దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు.

తర్వాత అతని బుర్ర అలవాటైన పనిలో పడింది. ఒకటి పోతే ఇంకోటి. తను ఎటూ వెళ్లలేడు, కానీ పిల్ల వెళ్లవచ్చు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ వాళ్లు ఆపుతారు. ఆ 'కాదు' అనే మాట వాళ్ల నోట వస్తుంది, తన నోట రాదు. 'అయ్యో, తెలియలేదే' అని తను తల పట్టుకుంటాడు. సరే అన్న మాట సరేగానే మిగులుతుంది, పిల్ల బ్రూజ్ చూసి వస్తుంది. ఎటు తిప్పి చూసినా ఈ ప్లాన్‌లో అతనికి లోపం కనపడలేదు. అతనికి ఉద్యోగంలో రెండుసార్లు అవార్డు ఇచ్చింది ఇలాంటి ప్లాన్లకే.

శుక్రవారం మూడు గంటలకి, ఇంటికి ఇరవై నిమిషాల దూరంలోని డల్లెస్ ఎయిర్‌పోర్టులో ఉన్నారు. దారి పొడవునా హాసిని కాలువల గురించీ, పడవల గురించీ, వేడి వేడి వాఫుల్స్ గురించీ చెబుతూనే ఉంది. వెనక సీట్లో నీలం ఫోల్డర్ లేకపోవడం చూసి తండ్రి భుజం మీద తట్టింది కూడా. రాఘవులు ఆ ఇరవై నిమిషాలూ ఏమీ దాచుకోని మనిషిలాగే సంతోషంగా ఉన్నాడు. ఎగ్జిట్ బోర్డు కనపడినప్పుడు మాత్రం కారు వేగం తగ్గించాడు.

కౌంటర్ దగ్గర అమ్మాయి హాసిని పాస్‌పోర్టు గీకి కౌంటర్ మీద పెట్టేసింది. రాఘవులుది పేజీ పేజీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"సర్, మీ షెంగెన్ వీసా?"

"హి హ్యాజ్ ఎ గ్రీన్ కార్డ్!" అంది హాసిని.

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కార్డు ఉన్నా యూరప్ వీసా కావాలి. ఎందుకైనా మంచిది, సూపర్‌వైజర్‌ని అడిగి వస్తానని లోపలికి వెళ్లింది. రాఘవులు ముందే అనుకున్న ప్రకారం తల పట్టుకున్నాడు. "అయ్యో, తెలియలేదే తల్లీ," అన్నాడు. అద్దం ముందు రెండుసార్లు అనుకున్న మాటే కానీ, ఇక్కడ బొంగురుగా వచ్చింది.

"వెయిట్, వెయిట్. నాన్నా, నీ ఫోల్డర్! తెచ్చావు కదా? నాకు తెలుసు నువ్వు దాచి తెచ్చి ఉంటావు. నేను కోప్పడను. అందులో ఏదో పేపర్ ఉంటుంది, సంథింగ్," అంటూ హాసిని వంగి అతని బ్యాగు జిప్ లాగింది.

"అందులో ఏం లేదమ్మా, వదిలేయ్..."

బ్యాగులో నిజంగానే అతనిది ఏమీ లేదు. అతని చొక్కా ఒక్కటి లేదు, షేవింగ్ సామాను లేదు. అడుగున హాసిని వానకోటు మడత పెట్టి ఉంది. దాని మీద ఒక గొడుగు, చేగోడీల ప్యాకెట్, సన్నటి కొత్త ఫోల్డర్. ఆమె తెరిచింది. బ్రస్సెల్స్ నుంచి బ్రూజ్‌కి రైలు వేళలు. ఆమె పేర ట్రావెల్ ఇన్సూరెన్స్. హోటల్‌కి దగ్గర్లో ఉన్న ఆసుపత్రి చిరునామా. కాలువలో పడవ షికారుకి టికెట్, ఒకరికి.

హాసిని ఆ చివరి కాగితాన్ని చాలాసేపు చూసింది.

"నీకు తెలుసు," అంది.

రాఘవులు వంగి బ్యాగు జిప్ మూయబోయాడు.

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి. సరే అన్నాక... టీ పెట్టేటప్పుడు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సరే అన్నాను కదమ్మా. మళ్లీ కాదు అనలేకపోయాను. నువ్వన్నా చూసి వస్తావు కదా అని."

హాసిని కళ్లు తుడుచుకుంది. కోపంతోనే తుడుచుకుంది. "నాకు బ్రూజ్ ఎందుకు నాన్నా? నిన్న చెప్తే ఇక్కడే ఓషన్ సిటీ బీచ్‌కి వెళ్లేవాళ్లం. రిచ్‌మండ్ వెళ్లేవాళ్లం. కాస్ట్‌కో షాపు పార్కింగ్ లాట్ అయినా నాకు ఓకే. నేను నిన్ను రమ్మని అడిగాను. నువ్వేమో నన్ను పంపించడానికి ప్యాక్ చేశావు."

రాఘవులుకి ఒక్కసారిగా అర్థమైంది. ఇరవై రెండేళ్లూ అతను చేసింది అదే. ఈ పిల్లని ఈత క్లాసుకి పంపించాడు, క్యాంపుకి పంపించాడు, కాలేజీకి పంపించాడు. ప్రతిసారీ సంచిలో గొడుగు పెట్టాడు. ఒక్కసారీ తను వెంట వెళ్లలేదు.

కౌంటర్ అమ్మాయి తిరిగొచ్చింది. సర్ వెళ్లడానికి కుదరదు, మేడమ్ వెళ్లవచ్చు, చెక్-ఇన్ మూసేలోగా నిర్ణయించుకోండి అంది.

"వెళ్లమ్మా," అన్నాడు రాఘవులు వెంటనే. "నా గురించి ఆలోచించకు. నీకు ఎలా బాగుంటే అలా..."

"నో. నాకు కాదు. నీకేం కావాలి? నేను వెళ్లాలా, ఉండాలా? నువ్వే చెప్పు."

వెనక వరసలో ఎవరో సూట్‌కేసు ముందుకు తోశారు. రాఘవులు నోరు తెరిచాడు. నాలుక చివర దాకా ఆ పాత మాటే వచ్చింది. ఆ మాటలో 'చూ' అనే దాకా కూడా వెళ్లాడేమో. పిల్ల చూపు తిప్పుకోలేదు. తనకేం కావాలో ఆఖరిసారి ఎప్పుడు పైకి చెప్పాడో అతనికి గుర్తు లేదు.

"ఉండు," అన్నాడు. "వెళ్లొద్దు. నాకు... నువ్వు ఉంటే బాగుంటుంది."

హాసిని కౌంటర్ మీది తన పాస్‌పోర్టు తీసుకుని జేబులో పెట్టుకుంది. తేలికైన బ్యాగు రాఘవులు పట్టుకున్నాడు, బరువున్న తన సూట్‌కేసుని ఆమె లాక్కెళ్లింది. కారు దాకా ఆమె రెండడుగులు ముందే నడిచింది. ఆమె కోపం ఇంకా పోలేదు, పోవాలని అతను తొందరపెట్టనూ లేదు. సన్న ఫోల్డర్‌ని డిక్కీలో పడేసి మూత వేశాడు.

"ఇప్పుడెక్కడికి?" అంది హాసిని, సీటు బెల్టు పెట్టుకుంటూ.

"ఇక్కడికి దగ్గరే, జార్జ్‌టౌన్‌లో ఒక పాత కాలువ ఉందట. ఇరవై మూడేళ్ల నుంచి వింటున్నాను."

"వాటర్ ఉందా అందులో?"

"తెలీదు."

"చెక్ చేయలేదా?"

"లేదు."

హాసిని తిరిగి అతని మొహంలోకి చూసింది. చేతిలోకి ఫోన్ తీసి, మళ్లీ ఎందుకో జేబులో పెట్టేసింది. కారు పార్కింగ్ దాటి రోడ్డెక్కేసరికి చేగోడీల ప్యాకెట్ పళ్లతో చింపి, మొదటిది అతని నోటికి అందించింది.