ఈల తర్వాతి పట్టు

ఆదివారం కబడ్డీ ఆటలో జరిగిన గొడవ సోమవారం పొద్దున గుజరాతీ పేపర్లో ఫోటోగా వచ్చింది. మంగళవారానికల్లా సూరత్ శివారు ఉధ్నాలోని తెలుగువాళ్లంతా నేరస్తులైపోయారు. ఫోటోలో ఉన్న తెలుగువాడు ఒక్క శివకృష్ణ, ఎత్తిన పిడికిలితో. ఎదురుగా నోటినిండా నెత్తురుతో కామ్‌రేజ్ ఊరి జట్టు కుర్రాడు హితేశ్. అయితేనేం, ఛాయ్ బండి దగ్గర ఆగిన ప్రతి పెద్దమనిషీ "సాంచాల మీద పనిచేసే ఆంధ్రావాళ్లు ఇంతే, తాగుడూ తన్నులాటా" అని తీర్పు చెప్పి మరీ ఛాయ్ ముగించాడు. శివకృష్ణ బుద్ధెరిగిన్నాటి నుంచీ ఒక్క చుక్క నోట పెట్టలేదు. ఆ సంగతి ఎవడిక్కావాలి?

శివకృష్ణ తండ్రి రాజమౌళి మాత్రం ఛాయ్ బండి వైపే వెళ్లలేదు. ఇంట్లో భార్య కొమురవ్వ అన్నం పెడితే రెండు ముద్దలు కలిపి చెయ్యి కడుక్కున్నాడు. ఎవరైనా "పాపం, కొడుకు గిట్ల చేసిండు" అంటే తల వంచుకున్నాడు. కొడుకు చేసినదానికి తండ్రి సిగ్గుపడుతున్నాడని అందరూ అనుకున్నారు.

ఆ సాయంత్రం తెలుగువాళ్ల సంఘం హాల్లో అందరూ కూర్చున్నారు. విషయం ఒక్కటే. జిల్లా కబడ్డీ కమిటీ మర్నాడు శివకృష్ణ సంగతి తేలుస్తుంది. తప్పు ఒప్పుకుని క్షమాపణ రాసిస్తే నాలుగు వారాల వేటుతో వదిలేస్తామని సంఘం పెద్ద లింగమూర్తికి మాటిచ్చారు. అలాగైతే ఆ తర్వాత జరిగే రైల్వే ఎంపికలకు కుర్రాడు వెళ్లొచ్చు. రైల్వేలో ఆటగాళ్ల కోటా ఉద్యోగం వస్తే ఇక ఆ మరమగ్గం, ఆ సాంచా మొహం చూడక్కర్లేదు. రాజమౌళి ఇల్లు ఇన్నాళ్లూ ఆ ఆశ మీదే నడిచింది.

క్షమాపణ పత్రం చక్కటి గుజరాతీలో రాస్తాడని బ్యాంకు ఆఫీసరు పరమేశ్వర్‌ని పిలిపించారు. ఆయన కుర్చీలో సర్దుకుని మొదలుపెట్టాడు.

"ఏమీ అనుకోకండి. మా బ్రాంచిలో నన్ను అడుగుతున్నారు, మీవాళ్లంతా ఇంతేనా అని. మేం వేరు, లూముల వాళ్లు వేరు అని చెప్పుకోవాల్సి వస్తోంది."

"ఎట్ల వేరయితరు సార్? ఆళ్లకు మనమంత ఒక్కటే," అన్నాడు లింగమూర్తి. "కామ్‌రేజోళ్లు మాత్రం తక్కువోళ్లా? భూములమ్మిన పైసలతోని కండ్లు నెత్తికెక్కినయ్. ఆటంతసేపు మనోళ్లను 'దారూడియా' అని ఒర్లిండ్రు."

తాగుబోతులని తిట్టడం తప్పేనని ఒకరు, తిడితే పళ్లు రాలగొడతారా అని ఇంకొకరు. తల్లి గారాబం చేసిందన్నారు. కబడ్డీయే రౌడీల ఆటన్నారు. సూరత్ నీళ్లే మంచివి కావన్నవాడూ ఉన్నాడు. తమ మీద వేసిన ముద్రకు ఉడుక్కుంటూనే అవతలి ఊరి మీద ఇంకో ముద్ర వేశారు. తప్పు మాత్రం ఎవరి ఒళ్లోనూ కుదురుగా కూర్చోలేదు.

రాజమౌళి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ తప్పు ఎవరి ఒళ్లో కూర్చోవాలో అతనికి తెలుసు.

సాంచాల మధ్య పనిచేసినవాళ్లకు మాటలకన్నా చేతులే ఎక్కువ. ఆ రొదలో అరిచినా వినబడదు గనుక దారం తెగినా, ఛాయ్ వచ్చినా, సేఠ్ వస్తున్నా అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. చెయ్యి నిటారుగా ఎత్తితే సాంచా ఆపమని. ఏళ్లు గడిచేసరికి చెవులు మొద్దుబారతాయి. అదీ ఒక చిత్రమైన తీరులో. గట్టిగా మాట్లాడితే వినబడుతుంది, సన్నటి కూత వినబడదు. కొమురవ్వ వంటింట్లో కుక్కర్ ఎన్ని ఈలలేసినా పక్కన కూర్చున్న మొగుడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పధ్నాలుగేళ్లకే తండ్రి పక్కన సాంచా పట్టిన శివకృష్ణకూ అదే పట్టుకుంది. రెఫరీ ఈల వాడికి వినబడదు.

ఆ సంగతి ఇల్లు దాటనివ్వలేదు. తెలిస్తే రైల్వే డాక్టరు గుమ్మంలోనే వెనక్కి పంపుతాడు. అందుకని ప్రతి ఆటకూ రాజమౌళి గీత పక్కన, కొడుక్కి ఎదురుగా నిలబడేవాడు. తన చెవికీ అందని ఈలను రెఫరీ నోటి దగ్గర చూసి కనిపెట్టేవాడు. ఈల పడగానే చెయ్యి ఎత్తేవాడు. శివకృష్ణ పట్టు వదిలేవాడు. కొడుకు ఆట చూడకుండా ఉండలేడని జనం ముచ్చటపడేవారు.

ఆదివారం హితేశ్ కూతకు వస్తూ గీత దగ్గర రాజమౌళిని చూశాడు. బొటనవేలు నోటి దగ్గర పెట్టి తల వెనక్కి వంచి, సీసా ఎత్తి తాగుతున్నట్టు చూపించాడు. రాజమౌళి తండ్రి తాగి తాగి చచ్చాడు. ఆ ఇంట పుట్టినందుకే రాజమౌళి సీసా ముట్టలేదు. నోటితో తిట్టి ఉంటే ఆ గోలలో వినబడేది కాదు, పోనీ అనుకునేవాడు. చేతితో తిట్టాడు. మరుక్షణం శివకృష్ణ వాడి కాలు పట్టి పడేశాడు. రెఫరీ ఈల వేశాడు. మిగతావాళ్లు వదిలేశారు. రాజమౌళి చూశాడు. చూసి చెయ్యి ఎత్తలేదు. విరగనీ అనుకున్నాడు. మోకాలు మెలిపడి హితేశ్ కేక పెట్టాడు, కింద పడి ఉండే శివకృష్ణ చెంప మీద కొట్టాడు, శివకృష్ణ పిడికిలి బిగించాడు. ఆ తర్వాతదంతా ఫోటోలో ఉంది.

హాల్లోకి శివకృష్ణను పిలిచారు. వాడొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈల పడ్డంక ఎందుకు వదల్లేదు బిడ్డా?" అన్నాడు లింగమూర్తి.

"వినొచ్చింది పెదనాయినా. విని గూడ వదల్లే. తప్పు నాదే. రాయించుకోండ్రి, సంతకం పెడ్త."

పరమేశ్వర్ పెన్ను తెరిచాడు. "చూశారా, కావాలనే చేశాడు," అన్నాడు పక్కవాడితో.

ఊరుకుంటే ఉద్యోగం దక్కుతుంది, కొడుకు జీవితాంతం రౌడీగా మిగులుతాడు. రాజమౌళి ఊరుకోవాలనే అనుకున్నాడు. కానీ తన పాపాన్ని కొడుకు నెత్తికెత్తుకుంటుంటే చూడలేకపోయాడు.

"వానికి ఈల ఇనరాదు," అంటూ లేచాడు. "చెవులు పోయినయ్. నేను చెయ్యి ఎత్తితెనే వానికి తెలుస్తది. గా దినం నేను ఎత్తలే. కావాలనే ఎత్తలే. తప్పు నాది. నన్ను రాయండ్రి."

పరమేశ్వర్ కాగితం పక్కకు జరిపాడు. "తెలిశాక నేను కావాలనే చేశాడని రాయలేనండీ," అని మెల్లగా పెన్ను మూశాడు. లింగమూర్తి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివి రాజమౌళీ. ఇంతమంది చెవుల పడ్డది తెల్లారేటాలకు ఉధ్నా అంత తెలుస్తది. రైల్వేల ఎట్ల తీస్కుంటరు?"

శివకృష్ణ బయటికి నడిచాడు. రాజమౌళి చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడి స్టేషన్ రోడ్డు మీద వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరివీ పెద్ద గొంతులే. తండ్రీకొడుకులు కొట్లాడుకుంటున్నారనుకుని దారినపోయేవాళ్లు ఆగి చూశారు.

"ఎందుకు చెప్పినవ్ బాపూ?"

"తప్పు నాది గదరా. నీ మీద ఏస్కుంటుంటె ఎట్ల చూస్త?"

"నీ మనసు తేలికయింది. నా నౌకరి పోయింది."

రాజమౌళి పట్టిన చెయ్యి వదల్లేదు.

"చెప్పింది గూడ సగమే చెప్పినవ్," అన్నాడు శివకృష్ణ. "వాడు పడ్డంక నీ దిక్కు చూసిన. చెయ్యి లేవలే. గని మనోళ్లు వదిలిండ్రు, నీ మొఖం చూస్తె తెల్వదా, ఆట ఆగిందని? నవ్వుతున్నవ్ బాపూ. ఇన్ని ఆటలు గెలిచిన, ఇన్ని కప్పులు తెచ్చిన. నన్ను చూసి ఒక్కనాడన్న గట్ల నవ్వినవా? అందుకే వాని కాలు ఇంకింత మెలేసిన."

నేను నవ్వలేదురా అనబోయాడు రాజమౌళి. శివకృష్ణ చెయ్యి విడిపించుకుని ఇంటివైపు వెళ్లిపోయాడు. నవ్వానన్న సంగతి ఆ క్షణం దాకా రాజమౌళికే తెలియదు.