తడవని మిషను

ఏప్రిల్ నెలాఖరులో మూడు రోజులు కురిసిన వానకు కోలారు జిల్లా శ్రీనివాసపురం చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ నిలవలేదు. ఆ మూడు రోజులూ నేత్రావతి ఇంటి మిద్దె మీదున్న, వానను కొలిచే మిషను మాత్రం చుక్క కూడా పడలేదని చెప్పింది.

ఆ మిషను చెప్పిందే చుట్టూ ఉన్న పద్నాలుగు ఊళ్ళకూ లెక్క. ప్రభుత్వం ఒక ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఏప్రిల్‌లో మూడు రోజుల వాన యాభై మిల్లీమీటర్లు దాటినా, వానాకాలంలో బొత్తిగా పడకపోయినా కంపెనీ ప్రభుత్వానికి డబ్బు పంపాలి. ఎవరూ వచ్చి తోటలు చూడరు. మిషనులోని అంకె చూస్తారు, అంతే. ఆ డబ్బుతో తాలూకా ఆఫీసు ఊళ్ళకు సాయం చేస్తుంది. కిందటేడు వానాకాలం ఎండిపోయిందని మిషను చెప్పినందుకు పశువులకు మేత వచ్చింది, తాగునీటి ట్యాంకర్లు వచ్చాయి. నేత్రావతికి గుర్తున్నంతవరకు ఆ ఏడు రాగి పైరు నడుమెత్తు పెరిగింది. కరువు మేత దించుకుంటూ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బు వచ్చిన ఏడు తనిఖీకి కూడా ఎవరూ రాలేదు.

ఈసారి చుట్టుపక్కల మిషన్లన్నీ అరవై పైన చూపిస్తుంటే ఇదొక్కటే సున్నా చూపించింది. అందుకని కోలారు నుంచి మేధ అనే ఇంజనీరు ల్యాప్‌టాప్ సంచీతో వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. మిద్దె ఎక్కి మిషనులో చెంబెడు నీళ్ళు పోసి చూసింది. మిషను ఆ నీళ్ళను సరిగ్గా కొలిచింది. కిందికి వచ్చి వసారాలో కూర్చుని, వాన పడేటప్పుడు దాని మీద ఏదైనా అడ్డం ఉండిందా అని అడిగింది.

నేత్రావతికి తెలియదు. ఆ మూడు రోజులూ ఆమె మొగుడితో పాటు తోటలోనే ఉంది. పక్కనే చింతపండు గింజలు తీస్తున్న అత్త సొన్నమ్మ తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"అడ్డమేంది? నేనే టార్పాలు కప్పినా. సగం సండిగలకు, సగం మిషనుకు. దానికి చుక్క తగలనీలేదు."

మబ్బు పట్టగానే మిద్దె ఎక్కి, ఆరబెట్టిన సండిగ వడియాలూ మిరపకాయలూ తీయగలిగినంత తీసి, మిగిలినదాని మీద టార్పాలు లాగడం సొన్నమ్మ పని. మిషను బిగించిన జయరాం వెళ్ళేటప్పుడు ఆమెకు గట్టిగా చెప్పి వెళ్ళాడు. అతను కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో పనిచేసి, అవి మూతపడ్డాక రిపేరు పనుల్లోకి వచ్చినవాడు. గనిలోకి దిగేటప్పుడు తీసుకున్న దీపాన్ని పైకొచ్చాక చూపించి అప్పగించాల్సిన చోట ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఇది సర్కారు సొత్తు, చెడిపోతే మిమ్మల్నే అడుగుతారని అన్నాడు. సొన్నమ్మ అది మరిచిపోలేదు.

"తడవడమే దాని పని, అవ్వా," అంది మేధ.

"తడిస్తే తుప్పు పట్టదా?"

మేధ సంచీ తెరిచింది. ఫారం తీసి నేత్రావతికి విడమరిచి చెప్పింది. ఈ వానకు మాత్రమే తెలియక కప్పి ఉంటే ఇబ్బంది లేదు. పక్క మిషను చూపించిన అరవై నాలుగును తీసుకుంటారు, ఊళ్ళకు సాయం వస్తుంది. మొదటినుంచీ కప్పుతూ ఉంటే మాత్రం ఈ మిషను చెప్పినదేదీ చెల్లదు. ఈ ఏడు ఏమీ రాదు, కిందటేటిది కూడా కంపెనీ తిరిగి అడుగుతుంది. ఇంతా చెప్పి, ఎప్పటినుంచి కప్పుతున్నారని అడిగింది.

"ఈ ఏప్రిల్లోనే మేడం," అంది నేత్రావతి, గబుక్కున.

సొన్నమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టింది.

"ఏప్రిల్లోనా? పోయినేడంతా మిద్దె ఎక్కి దిగింది ఎవురమ్మే, మీ యమ్మా?"

మేధ పెన్ను మూత పెట్టింది. ఫారంలో ఒకే తేదీకి చోటుందనీ, ఇద్దరూ మాట్లాడుకుని ఒకే మాట చెప్పాలనీ అంది. కొంచెం కాఫీ దొరుకుతుందా అని కూడా అడిగింది.

నేత్రావతి అత్తను వంటింట్లోకి తీసుకుపోయి, పాలు పొయ్యి మీద పెట్టి, మేధ చెప్పిన సంగతంతా మళ్ళీ చెప్పింది. సొన్నమ్మ సగం వరకు నమ్మలేదు. సర్కారు సొత్తును కాపాడినందుకు సర్కారే తప్పు పట్టడం ఆమెకు సబబుగా తోచలేదు. రెండేళ్ళు మోకాళ్ళ నొప్పులతో ఎక్కి దిగితే ఒక్క ఏప్రిల్ రాస్తారా అని అడిగింది.

"పోయినేడు ఇచ్చిన మేత మన ఆవు తినేసిండాది గదా అత్తా," అంది నేత్రావతి. "తిరిగి ఇయ్యమంటే యాడ తెచ్చేది? ఈ యేడు కాయలన్నీ రాలిపోయినోళ్ళకు ఇంగ ఏం చెప్పేది?"

పాలు పొంగగానే సొన్నమ్మ దించి కాఫీ కలిపింది. తర్వాత కాఫీ లోటా తానే తీసుకుని వసారాలోకి వచ్చి మేధ ముందు పెట్టింది.

"పోయినేడు నేను కప్పలేదమ్మా," అంది. "పోయినేడు వానే పడలేదు గదా. ఏం పడిందని కప్పేది?"

మేధ ల్యాప్‌టాప్ తెరిచింది. కిందటేడు జూన్ నుంచి సెప్టెంబరు వరకు అంకెలు కిందికి జరుపుకుంటూ చూసింది. అన్నీ సున్నాలు, మధ్యలో రెండు మూడు చోట్ల ఒకట్లు. నాలుగు నెలలూ చూసేసరికి కాఫీ అయిపోయింది.

"ఔనవ్వా," అంది. "పడలేదనే ఉండాది ఇందులో."

తేదీ దగ్గర ఏప్రిల్ అని రాసి, ఫారం సొన్నమ్మ ముందుకు జరిపింది. సొన్నమ్మ చిన్నప్పుడు బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లో, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి, పేరు రాసింది. రాశాక కాగితం వదలలేదు. తేదీ ఉన్న చోట వేలు పెట్టి, ఒక్క నెలే ఉంది కదా అని మేధను మళ్ళీ అడిగింది. ఒక్క నెలే అని మేధ చెప్పింది. ఏడాది పని ఎవరికో ధర్మంగా వదిలేసినదానిలా సొన్నమ్మ కాగితం ఇచ్చేసి, మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది.