మోటారు బంద్ చేసేదెవరు

నా భార్య రేణుకమ్మ దినాల నాడు నా తమ్ముడు కొండల్ మహేశ్వరంలో ఒక వెంచర్ ఓపెనింగ్‌కు పోయాడు. ప్లాట్లు అమ్మిపెట్టే పని వాడిది. పిండం పెట్టే వేళకు లేడు. అందరి తిండ్లయ్యాక వచ్చాడు, వెంచర్ వాళ్లు కప్పిన శాలువా మెడలోనే ఉంది. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడను. మాట్లాడాల్సిన పని కూడా లేదు. మా ఇద్దరి మధ్య మిగిలింది బోరు ఒక్కటే.

బోరు ఇబ్రహీంపట్నం బయట మా పొలంలో ఉంది. నా వైపు కొత్తిమీర, పాలకూర. వాడి వైపు మామిడి చెట్లు. వాడు తుర్కయాంజాల్‌లో అపార్టుమెంటు కొనుక్కుని పోయాడు గానీ, చెట్లు ఇక్కడి నీళ్లే తాగాలి. మోటారు వేస్తే నా స్ప్రింక్లర్లు తిరుగుతాయి, వాడి చెట్ల కింద డ్రిప్పు కారుతుంది.

రేణుకమ్మ ఉన్నప్పుడే ఆ మోటారుకు ఫోన్‌తో నడిచే పెట్టె బిగించారు. ఫోన్‌లో పచ్చ గుర్తు నొక్కితే నడుస్తుంది, ఎర్ర గుర్తు నొక్కితే ఆగుతుంది. దానికి ఖాతా తెరిచిందీ, పాస్‌వర్డ్ పెట్టిందీ రేణుకమ్మా, కొండల్ భార్య అరుణా కలిసి. నన్ను అడగలేదు. ఇప్పుడు రేణుకమ్మ ఫోన్ నా దగ్గరుంది. నాకు నచ్చేవి తక్కువ. ఈ పెట్టె నచ్చింది. చీకటితో లేచి కూర కోసి, మార్కెట్ ఆటోలో వేసి, పొలం పక్కనే ఉన్న ఇంటికొచ్చి తిని, మంచం మీద నుంచే మోటారు వేసి పడుకుంటాను. లేచేసరికి మడి తడిసి ఉంటుంది. మోటారు ఆగి ఉంటుంది. నిద్రమత్తులో నేనే బంద్ చేశానేమో అనుకునేవాణ్ణి.

ఒకరోజు పక్క పొలం చెన్నయ్య ఆ నమ్మకం చెడగొట్టాడు.

"నిన్న నీ మోటారు బందయినప్పుడు నేను మీ ఇంటి ముందట్నే ఉన్న. నువ్వు గురక పెడుతున్నవ్. ఎవలు బంద్ చేసిండ్రే?"

నా అనుమానం కొండల్ మీదికే పోయింది. వాడి చెట్లు తడవగానే ఆపేస్తాడు, నా కొత్తిమీర ఎండితే వాడికేం ఫికర్. ఫోన్ పట్టుకుని బస్టాండ్ దగ్గర ముత్యాలు దుకాణానికి పోయాను. ముత్యాలు ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు ఫోన్లు. ఖాతాలో వెతికి అది ఎక్కడెక్కడ తెరిచి ఉందో పట్టీ చూపించాడు. ఈ ఫోన్. తుర్కయాంజాల్, కంప్యూటర్. తుర్కయాంజాల్, ఇంకో కంప్యూటర్, వేరే బ్రౌజర్. తుర్కయాంజాల్, ఫోన్.

"గిదేంది, తుర్కయాంజాల్ మొత్తం నా మోటారుల్నే ఉన్నదా?"

"ఖాతా ఒక్కటే అన్న. ఇల్లు ఒక్కటే, దర్వాజలు నాలుగున్నయ్. ఎటు నుంచి జొచ్చినా గదే మోటారు."

"అందర్ని ఎల్లగొట్టు."

"ఎల్లగొట్టొచ్చు. పాస్‌వర్డ్ ఎరికేనా నీకు?"

"నొక్కు."

నొక్కాడు. తుర్కయాంజాల్ వాళ్లంతా పోయారు. మరుక్షణం నా ఫోన్ కూడా పాస్‌వర్డ్ అడిగింది.

"అడిగిన కద," అన్నాడు ముత్యాలు. "అందర్లల్ల నువ్వు గూడ ఉన్నవ్. మర్చిపోయిన్నని కొడితే కొత్తది పెట్టుకోనిస్తది గని, ఓటీపీ వేరే నంబరుకు పోతున్నది. చివర ఇరవై ఆరు."

"అరుణది."

"అయితే అడుగు."

"అడగ."

ఫోన్ జేబులో పెట్టుకుని నేరుగా పొలానికి పోయాను. పెట్టెకు చేత్తో నొక్కే బటన్ ఎలాగూ ఉంది. నొక్కాను. స్ప్రింక్లర్లు లేచాయి. ఇక నా మోటారు నా ఒక్కడిదే. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. పడుకున్నాను.

చెన్నయ్య వచ్చి మంచం తన్ని లేపాడు. అప్పటికి పొద్దు వాలింది. కింది మళ్లలో కొత్తిమీర నీళ్లలో తేలుతోంది. నీళ్లు గట్టు దాటి చెన్నయ్య ఎండబోసుకున్న ఉలవల్లోకి పోయాయి. చెన్నయ్య నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవే. మోటారు ఆపి గట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఇది ఎందుకు జరగలేదో అక్కడే అర్థమైంది. ఇట్లాగే రోజూ నిద్రపోతే పొలంలో ఆకు మిగలదు.

మర్నాడు అరుణకు ఫోన్ చేశాను. ఎత్తగానే "అక్కా" అంది. రేణుకమ్మ నంబరు ఆమె ఫోన్‌లో అట్లాగే ఉన్నట్టుంది. వెంటనే "బావా" అని దిద్దుకుంది.

"పాస్‌వర్డ్ కావాలె," అన్నాను.

"ఎల్లగొట్టినోనివి నువ్వే కద బావా. నాకు మెసేజ్ వచ్చింది. పాస్‌వర్డ్ ఎరికే గని, పొమ్మన్న ఇంట్ల మల్ల జొరబడుడు ఎందుకని ఊకున్న. చెన్నయ్య ఉలవలు గుగ్గిళ్లయినయంట?"

"ఎవలు చెప్పిండ్రు?"

"ఆయన పెండ్లాం. ఊరంత చెప్పింది, నాకొక్కదానికి చెప్పదా?"

"మోటారు బంద్ చేసేది వాడేనా?"

"మీ తమ్మునికి మోటారు ఏ మూలకున్నదో గూడ ఎరికలేదు. నేనే. బడిల ఉంటే ఆఫీసు కంప్యూటర్ల, ఇంట్ల ఉంటే పిల్లల కంప్యూటర్ల, ఆటోల ఉంటే ఫోన్ల. ఏడున్నా టైముకు ఆపుతున్న."

"ఎందుకు?"

"అక్క చెప్పింది, దవాఖానల. మీ బావ మోటారేసి పంటే లేవడు, జర నువ్వే చూసుకో అన్నది."

తర్వాత అరుణ పాస్‌వర్డ్ చెప్పింది. "నీ పేరు బావా. దానెంబడి నిద్ర. అన్ని చిన్న అక్షరాలే."

"నిద్ర?"

"అవ్. నిద్ర. ఎన్, ఐ, డి, ఆర్, ఏ."

కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది.

"పేరు ఎట్ల కొట్టినవ్?" అంది.

"ఆధార్ల ఉన్నట్టే. ఎస్, ఐ, రెండు డి, ఏ, ఐ, ఏ, హెచ్."

అరుణ నవ్వింది. "గది సర్కారు పేరు. అక్కకు గంత ఇంగ్లీష్ యాడిది? ఎస్, ఐ, ఒక్క డి, ఏ, వై, ఏ. గంతే."

రేణుకమ్మ బతికినన్నాళ్లు నా పేరు పలకలేదు. రేషన్ కార్డుకు పేర్లు రాసుకునేవాడు మొగుడి పేరేంటని అడిగితే పక్కింటి వజ్రమ్మను పిలిచి చెప్పించింది. నన్ను పిలవాలంటే "ఇగో" అనేది. అదే నా పేరు.

"నా పేరెందుకు పెట్టింది?" అని అడిగాను.

"నేను గూడ గదే అడిగిన. మొగని పేరు నోటితోని అనొద్దు గని, వేలితోని కొట్టొచ్చు కద అన్నది. కొత్తల పెట్టె మాటిమాటికి పాస్‌వర్డ్ అడిగేది. ఎన్నిసార్లు అడిగినా ఇసుక్కోలే. ఒక్కొక్క అక్షరం కొట్టుకుంట నవ్వేది."

ఒక్కొక్క అక్షరం కొట్టాను. తెరుచుకుంది. మోటారు బొమ్మ, పచ్చ గుర్తు, ఎర్ర గుర్తు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"మరి మేం రావాల్నా, బయట్నే ఉండాల్నా?"

"నువ్వు రా. కంప్యూటర్లకెళ్లి రా, ఫోన్లకెళ్లి రా."

"ఆయన ఫోన్లకెళ్లి?"

"వద్దు."

"మంచిది," అంది అరుణ. వాదించలేదు. ఆమెలో నాకు నచ్చేది అదే.

చెన్నయ్యకు వేరే ఉలవలు ఇచ్చాను, తీసుకుని మళ్లీ తిట్టాడు. కింది మళ్లు దున్ని కొత్తిమీర మళ్లీ చల్లాను. కొండల్ ఒకసారి పొలానికి వచ్చి మామిడి చెట్లు చూసుకుని పోయాడట. నేను ఎదురుపడలేదు, ఇక మీద కూడా పడను.

ఫోన్ అప్పుడప్పుడు దానంతటదే బయటపడేసి పాస్‌వర్డ్ అడుగుతుంది. ముత్యాలు దగ్గరికి పోతే ఇక అడగకుండా చేస్తానన్నాడు. అవసరం లేదని చెప్పాను.

ఇవాళ కూర కోసి ఆటోలో వేశాను. తిన్నాను. అడిగితే నా పేరు ఒక్క డితో కొట్టి, మోటారు వేసి పడుకున్నాను. లేచేసరికి మడి తడిసి ఉంది, మోటారు ఆగి ఉంది. చాయ్ పెట్టుకున్నాను.