మధ్యలో దేవుడు

వడ్డించిన కంచం మీద ఇంకో కంచం బోర్లించడం ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే అలవాటయింది. భర్త భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెడితే ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేం, ఈలోగా కూర చల్లారిపోతుంది. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా స్టీరింగు ముందు పెదవి విప్పకుండా కూర్చునే మనిషి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కళ్ళు మూసుకున్నాడంటే ఇక మాటలు పొంగుకొచ్చేవి. అన్నీ దేవుడితోనే. ఆయన పోయాక ఇవాళ ఆయన జ్ఞాపకార్థం ప్రార్థన మందిరంలో కూడిక జరిగింది. ఊరికి ఆ చివర కాపురముంటున్న కొడుకూ కోడలూ ఆమె వెంట ఇంటికొచ్చి, పాపని పక్కగదిలో పడుకోబెట్టి, భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. ఆమె అలవాటు చొప్పున కంచాల మీద కంచాలు బోర్లిస్తూ, అంత పొడుగు ప్రార్థన ఇంకెవరు చేస్తారులే అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది.

మంచివాడు. ఆ మాట పొద్దుటి నుంచి మందిరంలో ఎంతమంది అన్నారో! అందులో అబద్ధమేమీ లేదు. తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. ఆమెకి జ్వరమొస్తే కొడుక్కి స్నానం చేయించి, తల దువ్వి, తనే బడికి దింపేవాడు. బస్సు తిప్పే చేతులతో అంత సుతారంగా పాపిడి ఎలా తీస్తాడా అని మంచం మీంచి చూస్తూ నవ్వుకునేది. ఒకటే చిక్కు, ఒట్టి సిగ్గరి. భార్య మొహం చూసి మనసులో మాట చెప్పడం ఆయనకి చేతకాదు. అందుకని అదంతా దేవుడికి చెప్పుకునేవాడు, ఆమె వినేలా. "తండ్రీ, పొద్దున మా ఇంటిదాని మీద అనవసరంగా నోరు పారేసుకున్నాను. పాపం, చిన్నబుచ్చుకుంది. నా నోటికి కాస్త కళ్ళెం వెయ్యి" అనేవాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉండి, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కునేది. ఇక అలక ఎక్కడ నిలుస్తుంది? "ఇలాంటి మనిషిని నాకిచ్చావు, నేను తగను" అన్న రోజున ఆమెకి ముద్ద దిగలేదు. ఆ మాట నాతోనే అనొచ్చు కదా మహానుభావా, అనుకుంది.

నొప్పించే మాటలూ ఆ దారినే వచ్చేవి. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతీ ముందు దేవుడికే చేరేది. మొగుడు ఏదైనా అంటే ఎదురు చెప్పొచ్చు. ప్రార్థనకి ఎదురు చెప్పేదెలా?

కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడు ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేసేది. గాజు పలక మీద చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించిందంటే ఆమెకి ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు. ఆ గదిలో ఆమెని ఎవరూ అమ్మా అనీ, ఏమోయ్ అనీ పిలిచేవారు కాదు. పెద్ద ఆస్పత్రి ల్యాబ్ బాధ్యత తీసుకుంటావా అని డాక్టరమ్మ అడిగిన వారంలోనే అత్తగారు జారిపడి మంచం పట్టింది. ఆ పూట భర్త ప్రార్థన చాలా చిన్నది. "తండ్రీ, అమ్మని చూసుకోడానికి ఇంట్లో మనిషి ఉండాలి. ఉద్యోగం మానుకునే మనసు ఆమెకివ్వు." అంతే. కళ్ళు తెరిచి, పై కంచం తీసి, అన్నం కలుపుకున్నాడు. తింటూ అడుగుతాడేమో, పడుకోబోయే ముందైనా అడుగుతాడేమో అని ఆమె ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. మనిషిని పెట్టుకుందాం, నీ సెలవులు కొన్ని, నావి కొన్ని వాడుకుందాం, ఇంకా ఏవేవో. ఆ జవాబు ఎవరికీ అక్కర్లేకపోయింది. కొన్నాళ్ళకి ఆమే రాజీనామా ఇచ్చి వచ్చింది. ఆయన మోకాళ్ళ మీద పడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. అత్తగారి పక్కబట్టలు నానబెడుతూ ఆమె ఆ కృతజ్ఞతలు విన్నది.

అక్కణ్ణుంచి దేవుడు చేసిన మేలుకి అదొక సాక్ష్యమైపోయింది. మందిరంలో అవకాశం దొరికినప్పుడల్లా లేచి నిలబడేవాడు. "నేను ఆమెతో ఒక్క మాట కూడా అనలేదండీ. దేవుడే మనసు మార్చాడు." నిజమే, ఒక్క మాట కూడా అనలేదు. అందరూ మెచ్చుకోలుగా తన వైపు చూస్తుంటే ఆమె తలొంచుకునేది. అంత సంబరంగా చెబుతున్న మనిషిని నలుగురిలో కాదనడానికి మనసొప్పేది కాదు. ఇవాళ కూడికలో కొడుకు అదే కథ చెప్పాడు, తండ్రి ఆగిన చోటల్లా ఆగుతూ. జనం కళ్ళొత్తుకున్నారు. ఆమె మళ్ళీ తలొంచుకుంది.

చేతులు తుడుచుకుని కొడుకు వచ్చి తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. గొంతు సవరించుకోవడం కూడా అచ్చం ఆయనే.

"తండ్రీ, అలాంటి నాన్ననిచ్చినందుకు నీకు స్తోత్రం. అమ్మ ఇక్కడ ఒంటరిగా ఉంటే మాకు బెంగగా ఉంది. ఇంట్లో పాపని చూసుకునేవాళ్ళు లేక అవస్థ పడుతున్నాం. ఈ ఇల్లు ఖాళీ చేసి, మాతో వచ్చి ఉండి, పాపని చూసుకునే మనసు అమ్మకివ్వు..."

ఆమె కళ్ళు తెరిచింది. ఎదురుగా కోడలి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. ఆ పిల్ల మొహం కందిపోయింది. "ముందు మిమ్మల్ని అడగమన్నాను అత్తయ్యా" అంది గొణుగుతున్నట్టు.

"ఒరేయ్, ఆగు" అంది ఆమె.

కొడుకు ఒక కన్ను తెరిచాడు. "అమ్మా, ప్రార్థన మధ్యలో..."

"మధ్యలోనే అంటున్నాను. అయ్యాక మాట్లాడదామని చూసేలోపు మీ నాన్న అన్నం కలిపేసుకునేవాడు. నీకేం కావాలో నన్నడుగు. పక్కనే ఉన్నాను, చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

కొడుక్కి రెండో కన్ను కూడా తెరవక తప్పలేదు. "మాతో వచ్చి ఉంటావా అమ్మా?"

ఎంత చిన్న ప్రశ్న! దీని కోసం తను ఎన్నేళ్ళుగా కాచుకుని కూర్చుందో ఆమెకి ఇప్పుడే తెలిసింది. జవాబు మాత్రం సిద్ధంగా లేదు. ఎవరూ అడగని చోట జవాబు ఎవరు దాచుకుంటారు? తనకేం కావాలో తనలో తనే వెతుక్కుంది. దొరికింది.

"రానురా. పొద్దున పాపని ఇక్కడ దింపండి, మధ్యాహ్నం దాకా చూస్తాను, నాకూ పొద్దుపోతుంది. ఆ తర్వాత సంగతి మీరిద్దరూ చూసుకోండి. ఇద్దరూ అంటే నువ్వు కూడా."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ప్రార్థన?" అన్నాడు కొడుకు.

"నేను ముగిస్తాను."

ఆ బల్ల దగ్గర ఆమె పైకి ప్రార్థన చెయ్యడం ఇదే మొదలు. కళ్ళు మూసుకుంది. భర్త మీద కోపం వస్తుందేమో అనుకుంది, బెంగ వచ్చింది. ఆయనే ఉంటే ఇప్పుడు తల వంచుకుని, మధ్యలో మాట్లాడకుండా, మొత్తం వినాల్సి వచ్చేది. ఆ మొహం ఊహించుకుంటే కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది.

"తండ్రీ, మా ఆయన నీ దగ్గరే ఉన్నాడు. జాగ్రత్తగా చూసుకో, చాలా మంచివాడు. ఆయనతో నేరుగా చెప్పలేకపోయిన మాటొకటి ఉండిపోయింది, నువ్వే చెప్పు. ఆ ఉద్యోగం నేను మానింది నువ్వు నా మనసు మార్చినందుకు కాదు, ఆయన నీతో అన్న మాట నాకు వినపడినందుకు."