అరిగి బరువెక్కిన ముక్క

నేను చిటికెన వేలిలో సగమంత ఉండే లోహపు ముక్కను. హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో ఇనుము, క్రోమియం, నికెల్ కలిపి కరిగించి నన్ను పోతపోశారు. కోబాల్టు మాత్రం రవ్వంతైనా వెయ్యలేదు. అణువిద్యుత్ కేంద్రాల్లో కవాటాలు రాసుకుని అరిగినప్పుడు రాలే కోబాల్టు పొడి, నీళ్లతోపాటు రియాక్టరులోకి వెళ్లి రేడియోధార్మికతను మూటగట్టుకుని వస్తుంది. మరమ్మతుకు వచ్చేవాళ్లకు అదే ముప్పు. అందుకని కోబాల్టు లేకుండానే గట్టి లోహం తయారుచెయ్యాలని డాక్టర్ సుభాషిణి నాలుగేళ్లుగా పట్టుబట్టి కూర్చుంది. నాకు ముందు ఇరవై మూడు ముక్కలు ఓడిపోయాయి. ఇదీ పోతే పని ఆపెయ్యమని డైరెక్టరు చెప్పేశాడు.

పరీక్ష చూడ్డానికి సులువే. నన్ను తూచి, తిరిగే ఉక్కు పళ్లెం మీద ఆరు గంటలు అదిమిపెట్టి, మళ్లీ తూస్తారు. ఐదు మిల్లీగ్రాములకు మించి తగ్గితే నేను పనికిరానట్టే. యంత్రం నడిపేది యాదయ్య, ఇంకో ఏడాదిలో రిటైరయ్యే టెక్నీషియన్.

ఆరు గంటలూ రాపిడి పడి త్రాసెక్కిన నేను ఒక మిల్లీగ్రాము పెరిగాను.

సుభాషిణి నమ్మలేక మూడుసార్లు తూచింది. డైరెక్టరు ఒక్కసారే చూసి, "అరగడం మాట అటుంచండి, ఇది పెరుగుతోందమ్మా" అంటూ ఢిల్లీకి ఫోను చెయ్యడానికి తన గదికి పరుగెత్తాడు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు అద్భుతం నచ్చినంతగా అంకె నచ్చదు.

యాదయ్య ముఖం పాలిపోయింది. కాసేపు తచ్చాడి, చివరికి దగ్గరకొచ్చాడు.

"మేడం, అది పెరుగుడు కాదు. మొదటి తూకం అయినంక నేనే దానికి, రాపిడి తగలని దిక్కు, గంధం బొట్టు పెట్టిన."

"ఎందుకండీ యాదయ్యగారూ?"

"ఇరవై మూడు పోయినయ్ గద. ఇదన్న గట్టెక్కాలని మొక్కిన."

కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది. కానీ గంధం చాటున ఎంత అరుగుదల దాగుందో ఎవరికీ తెలియదు. నన్ను అసిటోనులో ముంచి, తుడిచి, ఆరబెట్టి త్రాసులో పెట్టింది. యాదయ్య చూడలేక గోడకేసి తిరిగాడు.

"మూడు తగ్గింది" అంది సుభాషిణి మెల్లగా. "ఐదు లోపే."

యాదయ్య స్టూలు మీద కూలబడ్డాడు. డైరెక్టరు మళ్లీ ఫోను చేసి, పెరగడం లేదండీ, తక్కువగా అరుగుతోంది అని నసగాల్సి వచ్చింది. సుభాషిణి రిజిస్టరులో గంధం సంగతి కూడా రాసింది. నాతోపాటు పోసిన ముక్కలతో మరో రెండుసార్లు పరీక్షించినా అంతే తేలింది. ఇప్పుడు మా లోహాన్ని ఒక కవాటానికి పూతగా వేసి చూస్తున్నారు.

నన్ను నిలువునా కోసి సగాన్ని సూక్ష్మదర్శిని కిందకు పంపారు. రెండో సగాన్ని యాదయ్య రిటైరైన రోజున సుభాషిణి శాలువాతోపాటు ఆయన చేతిలో పెట్టింది. ఆయనింట్లో టీవీ పక్కన ఉంటున్నాను. ఎవరైనా చేతిలోకి తీసుకుని ఇదేమిటని అడిగితే యాదయ్య గర్వంగా, "గిది అరగదు" అంటాడు. వెంటనే తనే సరిదిద్దుతాడు.

"అరుగుతది. మూడు మిల్లీగ్రాములు."